ముప్పై నాలుగో సందు

బల్లార్షాలో మే నెల. నలభై ఏడు డిగ్రీలు.
రోజూ రెండింటికి ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగు,
గూట్లో గిన్నెలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి,
గోడకు ఇంకో వెంట్రుకంత చీలిక.

కిస్తుల మీద ఏసీ కొన్నాం.
అది రాత్రంతా మా గదిని కాదు,
వీధిని చల్లబరుస్తోంది.
కరెంటు బిల్లును మా ఆయన
చేటలో బియ్యంలా అటూ ఇటూ కదిపి చూశాడు
ఎక్కడైనా రాయి దొరుకుతుందేమోనని.

"ఇల్లు కాదిది, జల్లెడ" అన్నాడు
చంద్రపూర్ నుంచి వచ్చిన నిఖిల్ వైరాగడే.
వీధి తలుపుకు ఎర్ర గుడ్డ బిగించి
గుడ్డ నడుమ ఫ్యాను పెట్టి
ఇంటి ఊపిరిని బయటికి లాగేశాడు.
అప్పుడు చూడాలి,
స్విచ్చుబోర్డులు ఈలలు వేశాయి,
కిటికీ మూలల్లోంచి బొగ్గు దుమ్ము
చీమలబారులా దిగింది,
ఎప్పుడో ఖాళీ అయిన సాలెగూడు
ఎవరో వచ్చినట్టు ఊగింది.

మా మామ ఓదెలు
ముప్పై ఒక్క ఏళ్ళు అండర్‌గ్రౌండ్‌లో గాలి పని చేశాడు.
బొగ్గు తవ్వలేదు.
పాత దారులకు ఇటుక గోడలు కట్టి
తారుగుడ్డలు దించి
నువ్విటు పో, నువ్వటు రా అని
కనబడనిదాన్ని గొడ్లను తోలినట్టు తోలాడు.
ఇప్పుడు కుర్చీలోంచి లేచాడు.
పిల్లాడి చేతిలోని అగరుబత్తి అందుకుని
జ్వరం చూసినట్టు గోడ వెంట నడిచాడు.
పొగ వంగినచోట సుద్దగీత.
ఒకటి. ఏడు. పందొమ్మిది.
నడుమ దగ్గు. గోడకు ఆనుకుని, మళ్ళీ.
ఆయన రొమ్ములో మూసుకుపోయిన దారుల ఎక్స్‌రే
నా పెట్టెలోనే ఉంది, చీరల కింద.

ముప్పై నాలుగోది వంటింట్లో,
ఉమ్మడి గోడ మీద, దూలం కింద,
బెత్తెడు పొడుగు.
అవతల సింధుతాయి పొయ్యి.

ఎట్లా చెప్పను అది సందు కాదని.
చెన్నూరు నుంచి వచ్చిన కొత్తలో
నాకిక్కడి మాట ఒక్కటీ రాదు.
మరాఠీ నాకు ఆ సందులోంచే వచ్చింది,
ముందు ఠేచా ఘాటుగా,
తర్వాత తిట్లుగా,
పేర్లూ లెక్కలూ ఎప్పటికోగాని రాలేదు.
"జేవలీస్ కా?" అంటే తిన్నావా అని
నాకు గోడే నేర్పింది.
నా కడుపు నిలవని రాత్రి
దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను.
తెల్లారి సింధుతాయి గిన్నె పట్టుకుని వచ్చింది,
"మీఠ్ ఆహే కా గ?"
నిన్ననే కిలో ఉప్పు కొన్న మనిషి.

నిఖిల్ నురగడబ్బా గురిపెట్టాడు.
నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను.
మామ చెయ్యి అడ్డం పెట్టాడు.
"ఇది ఇన్‌టేకా, రిటర్నా?"
పిల్లాడికి అర్థం కాలేదు.
"వచ్చే గాలికి ఒక తొవ్వ, పోయే గాలికి ఒక తొవ్వ.
రెండూ మూస్తే దాన్ని ఇల్లనరు బిడ్డా.
బాయిల మేం వేరే పేరు పెట్టుకున్నం."
ఆ పేరు చెప్పలేదు.

నేల మీద ఆముదం దీపం పెట్టుకుని
వత్తి ఎటు వాలుతుందో చూస్తూ కూర్చున్నాడు.
మనిషి కంటే ముందు మంటకు తెలుస్తుందట.
సాయంత్రానికి తేలింది:
పొయ్యి మీద పొగగొట్టం, దానికి బుల్లి ఫ్యాను.
బీరువా వెనక, జాలీలో వడగుడ్డ కట్టి
లోపలికొచ్చే గాలికి ఒక రంధ్రం.
సందుతో ఇక పని లేదు.

"మూసెయ్" అన్నది నేనే.
మూసేముందు నోరు దగ్గర పెట్టి
ఏదో చెప్పబోయి
"పప్పు పొంగుతోంది తాయీ" అన్నాను.
పొంగుతోందిగా మరి, వాసన వచ్చింది.

బిల్లు పదమూడు వందలు తగ్గింది.
కంచంలో వేలితో గీత గీస్తే
గీత పడటం లేదు.
మామ రాత్రి రెండుసార్లే లేస్తున్నాడు.
వంటిల్లు మాత్రం
చెవిలో నీళ్ళు పోయినట్టుంది.

ఇవాళ రెండింటికి బ్లాస్టింగు.
గిన్నెలు ఒరుసుకున్నాయి, ఆగాయి.
ఆగాక గోడలో టక్కుమని ఒకటి. మళ్ళీ ఒకటి.
సింధుతాయి వేళ్ళో,
ముప్పై ఐదోది పుట్టడమో.
ఒక చేత్తో అగరుబత్తి వెలిగించాను,
ఒక చేత గరిటె తిరగేసి పట్టుకున్నాను.